అరిగిన ట్రయల్స్ డ్రమ్ము: లేత్ ఎక్కించాలా, స్లీవ్ వేయించాలా, హబ్బే మార్చేయాలా?

పాత బండికి బ్రేకు పట్టడం లేదంటే మనవాళ్ళు ముందు చేసే పని కొత్త షూలు వేయించడం. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఆ తరవాత మళ్ళీ మొదటికే వస్తుంది. లీవరు హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కాలి, చక్రం ఒకచోట పట్టి ఇంకోచోట వదిలేస్తుంది, వాలులో మెల్లగా పట్టి దిగుదామంటే గుంజిగుంజి దిగుతుంది. షూలు పాడైపోలేదు. అవి రుద్దుకునే డ్రమ్ము, అంటే చక్రం నడుమనుండే హబ్బు లోపలి ఇనప గోడ, అరిగి గుండ్రం తప్పింది.

రోడ్డు మీద తిరిగే బండికి ఇదంత పట్టింపు కాదు. బీచ్ రోడ్డులో నలభై మీద పోతూ బ్రేకు వేస్తే ఆ చిన్న తేడా చేతికి తెలియదు. ట్రయల్స్ సంగతి వేరు. అందులో పందెం వేగానికి కాదు. రాళ్ళూ వాగులూ వాలులూ కాలు కింద పెట్టకుండా దాటాలి. మనిషి నడిచే వేగం, కొన్నిచోట్ల అదీ ఉండదు. ముందు బ్రేకును ఒక వేలితో సగం పట్టి, క్లచ్చి సగం వదిలి, బండిని నిలబెట్టి ఉంచాల్సిన క్షణాలు చాలా వస్తాయి. అప్పుడు డ్రమ్ము ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా పట్టిందంటే కాలు కింద పడ్డట్టే. అందుకే ఈ ఎంపికలో నేను కొలత కంటే గుండ్రాన్నే ముందు చూస్తాను. వ్యాసం అర మిల్లీమీటరు పెరిగితే షూలతో సర్దుకోవచ్చు. గుండ్రం తప్పితే దేనితోనూ సర్దలేం. ఏ దారి ఎంచుకున్నా చివరికి, స్పోకులు బిగించిన చక్రంలో ఉండగా, ఆ డ్రమ్ము గుండ్రంగా తిరగాలి.

విశాఖలో బుల్టాకో షెర్పా, యమహా టీవై, మోంటెసా కోటా లాంటి అసలు ట్రయల్స్ బళ్ళు కనబడటం అరుదు. ఇక్కడ ఎక్కువగా చేతికొచ్చేవి ట్రయల్స్ కట్టు కట్టిన పాత బుల్లెట్లు, యెజ్డీలు, ఆర్ఎక్స్ 100లు. వాటిని చిన్నచూపు చూడక్కర్లేదు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) ఉన్న బుల్లెట్ నమూనాలు మొదట జనానికి కనబడిందే 1948లో ఇంగ్లండ్‌లో జరిగిన కోల్‌మోర్ కప్ ట్రయల్‌లో. జానీ బ్రిటన్ 1952లోనూ, మళ్ళీ 1957లోనూ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదే. 1964 చివర్లో శామీ మిల్లర్ ఏరియల్ వదిలి బుల్టాకోకి వెళ్ళి, మరుసటి ఏడు అదే పోటీ షెర్పాతో గెలిచాక బరువైన ఫోర్ స్ట్రోక్ బళ్ళ కాలం ముగిసింది. అప్పటినుంచి ట్రయల్స్ హబ్బులు చిన్నవై, పల్చనై, తేలికయ్యాయి. ఆ తేలికే ఇప్పుడు మన తలనొప్పి. వాటిలో అరగడానికి ఇనుము తక్కువ.

ముందు కొలత, తరవాతే బేరం

చక్రం విప్పగానే లేత్ షాపుకి పరుగెత్తకండి. కొన్నిసార్లు లోపం డ్రమ్ములో ఉండదు. బ్యాక్ ప్లేటులో (షూలు బిగించి ఉండే పళ్ళెం) షూలను తెరిచే క్యామ్ కూర్చునే రంధ్రం అరిగి క్యామ్ ఊగుతుంటే షూలు వంకరగా తెరుచుకుంటాయి. పట్టీపట్టనట్టు ఉండే ఆ బ్రేకును చూసి డ్రమ్మును అనుమానిస్తాం. క్యామ్‌ని వేళ్ళతో అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే ముందు అక్కడ బుష్ వేయించాలి. చక్రం బేరింగులు కూడా చూసుకోండి. బేరింగు లూజైతే మంచి డ్రమ్ము కూడా గుండ్రం తప్పినట్టే నడుస్తుంది.

ఆ తరవాత డ్రమ్ము లోపలి వ్యాసం కొలవాలి. ఇన్‌సైడ్ మైక్రోమీటరు, లేదా బోర్ గేజి. చుట్టూ కనీసం మూడు చోట్ల, ప్రతి చోటా లోతులో ఒకటి, అంచు దగ్గర ఒకటి. మూడు చోట్ల మూడు అంకెలొస్తే గుండ్రం తప్పింది. లోపల తక్కువ, అంచున ఎక్కువ వస్తే గంట మూతిలా విచ్చుకుంది. అంచున షూ తగలని చోట గట్టు మిగిలి ఉంటుంది, దాన్ని కొలిస్తే అసలు కొలత దాదాపు దొరికిపోతుంది. జపాన్ బళ్ళలో చాలావాటికి అరుగుదల హద్దు వ్యాసంలో 1 మి.మీ. 130 మి.మీ. డ్రమ్ము 131 దాకా వాడుకోవచ్చన్నమాట. కొన్ని హబ్బుల లోపల ఆ హద్దు అంకె పోతలోనే వేసి ఉంటుంది, గ్రీజు మరకలు తుడిస్తే కనబడుతుంది. ఇంగ్లిష్, స్పానిష్ పాత హబ్బుల్లో ఆ అంకె కోసం వెతకొద్దు. మిగిలిన ఇనుము మందం చూసి తేల్చుకోవాల్సిందే. నా హద్దు 3 మి.మీ. కోత అయ్యాక అంతకంటే తక్కువ మిగిలేటట్టుంటే నేను లేత్ దారి పట్టను.

ఇంకో పరీక్ష మన ఊళ్ళో తప్పనిసరి. అల్యూమినియం హబ్బులో కాస్ట్ ఐరన్ రింగు బిగించి ఉంటుంది. ఉప్పుగాలి, తేమ ఆ రెండు లోహాల మధ్య చేరితే అల్యూమినియం తినేయబడి తెల్లపొడి అవుతుంది. యారాడ, భీమిలి వైపు ఇసుకలో తిప్పి, మంచినీళ్ళతో కడగకుండా నిలబెట్టిన బళ్ళలో ఇది ఎక్కువ. ఇనుముకీ అల్యూమినియానికీ మధ్య గీత వెంబడి తెల్లపొడి కనబడితే అనుమానించండి. హబ్బును తాడుకి వేలాడదీసి రింగును చిన్న సుత్తితో తట్టండి. మంచి కుండలా ఖంగుమనాలి. మొద్దుగా, చచ్చుగా మోగితే రింగు లూజైనట్టే. అలాంటి దానికి లేత్ ఖర్చు దండగ. అది నేరుగా స్లీవ్ (కొత్త ఇనప రింగు) కేసు.

పగుళ్ళ సంగతి కంటితో తేలదు. ఇక్కడ మనకో సౌకర్యం ఉంది. షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు పనులు చేసే వెల్డింగు వాళ్ళ దగ్గర డై పెనెట్రెంట్ డబ్బాలుంటాయి. ఎర్ర ద్రవం కొట్టి, కాసేపు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్రగీతగా పైకొస్తుంది. స్పోకు రంధ్రాల మధ్య, బేరింగు గూడు చుట్టూ చూడండి. అక్కడ గీత కనబడితే ఆ హబ్బు బండికి పనికిరాదు, షోకేసులో పెట్టుకోవడానికే.

ఒక జాగ్రత్త. షూల మీద రుద్దుకునే పొర లైనింగు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని బూడిదరంగు పొడిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

లేత్ ఎక్కించడం

చాలా బళ్ళకు ఇదే సరైన దారి, ఖర్చు కూడా తక్కువ. కాకపోతే దీన్ని చేసే పద్ధతిలోనే సగం మంది పాడుచేస్తారు. హబ్బును విడిగా ఇచ్చి లేత్ పట్టించి, తెచ్చి స్పోకులు కట్టిస్తారు. ముప్ఫై ఆరో నలభయ్యో స్పోకులు ఒక్కోటి ఒక్కో బిగువుతో హబ్బు అంచును లాగుతాయి. పల్చని ట్రయల్స్ హబ్బు ఆ లాగుడుకి కొంచెం వంగుతుంది. లేత్ మీద గుండ్రంగా ఉన్నది చక్రంలోకి వచ్చేసరికి మళ్ళీ గుండ్రం తప్పుతుంది. కాబట్టి వరస తిరగేయాలి. ముందు కొత్త బేరింగులు వేయండి. తరవాత స్పోకులు కట్టించి, బెండు తీయించి, బిగువంతా సరిచేయించండి. ఆ తరవాతే చక్రం మొత్తాన్ని లేత్ ఎక్కించండి.

ఇక్కడ లేత్ సైజు అడ్డొస్తుంది. ట్రయల్స్ ముందు చక్రం 21 అంగుళాలు. టైరు తీసేసినా రిమ్ము అంచు నుంచి ఇరుసు దాకా దాదాపు 280 మి.మీ. ఉంటుంది. మామూలు చిన్న లేత్ మీద అది తిరగదు, బెడ్డుకి తగులుతుంది. గాజువాక ఆటోనగర్‌లో లారీ డ్రమ్ములు పట్టే షాపుల్లోనూ, షాఫ్టు పనులు చేసే పెద్ద షాపుల్లోనూ గ్యాప్ బెడ్ లేత్‌లు (పెద్ద చక్రం తిరగడానికి చక్ దగ్గర బెడ్డులో ఖాళీ ఉన్నవి) ఉంటాయి. అడగాల్సిన మొదటి మాట రేటు గురించి కాదు, "మీ లేత్‌లో 21 అంగుళాల రిమ్ము తిరుగుతుందా?" అని. వెనక చక్రం 18 అంగుళాలే కాబట్టి దానికంత ఇబ్బంది ఉండదు.

రెండో మాట, చక్రాన్ని ఎలా పడతారని. నాలుగు దవడల చక్‌లో హబ్బు పక్క అంచు పట్టుకుంటానంటే వద్దనండి. ఆ అంచు పోతలో వచ్చింది, ఇరుసుకి సూటిగా ఉండాలని రూలేమీ లేదు. బేరింగు గూడులో సరిగ్గా కూర్చునే మాండ్రెల్ (గుండ్రటి కడ్డీ) ఒకటి తీయించి, దాని మీద చక్రం ఎక్కించాలి. చక్రం బండి మీద దేని చుట్టూ తిరుగుతుందో లేత్ మీద కూడా దాని చుట్టూనే తిరగాలి. ఆ మాండ్రెల్ మీరు దాచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

కోత సన్నగా ఉండాలి. ఒక్కో సారికి లోతు 0.1 మి.మీ. చుట్టుపక్కల. చక్రం పెద్దది, హబ్బు పల్చనిది కాబట్టి లేత్ తిరుగుతుంటే టూలు కిర్రుమని వణుకుతుంది. ఆ వణుకు డ్రమ్ము మీద అలల్లా పడుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కను స్పోకుల మధ్యనుంచి అల్లి హబ్బు చుట్టూ బిగించి కడితే మోత తగ్గుతుంది. కాస్ట్ ఐరన్‌కి కూలెంట్ అక్కర్లేదు, పొడిగానే కోయాలి. చివరి కోతలో ఫీడు, అంటే ఒక్కో చుట్టుకి టూలు జరిగే దూరం, బాగా తగ్గించమనండి. ఫీడు ఎక్కువైతే టూలు గీత స్క్రూ మరలా పడుతుంది. ఆ మర వెంబడి షూ పక్కకి జరిగి, టక్కుమని వెనక్కి కొడుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా వచ్చే ఆ టక్ టక్ ఎక్కడిదా అని వెతుక్కుంటూ కూర్చోవాలి. కోత అయ్యాక ఎమరీ పేపరుతో అడ్డదిడ్డంగా రుద్దిస్తే ఆ మర చెరిగిపోతుంది.

ఎంత కోయించాలన్నది లెక్క వేసుకునే వెళ్ళండి. ఉదాహరణకు 130 మి.మీ. డ్రమ్ము ఒకవైపు 130.4, అడ్డంగా 130.6 వచ్చిందనుకుందాం. పైగా 0.2 మి.మీ. లోతు గీతలున్నాయి. గీత లోతు రెండు పక్కలా లెక్కకొస్తుంది కాబట్టి అన్నీ పోవాలంటే 131.0 దాకా కోయాలి, అంటే హద్దు అంచుకి. అక్కడిదాకా పోనవసరం లేదు. 130.7 దగ్గర గుండ్రం వచ్చేస్తే ఆపేయండి. లోతైన గీతలు ఒకటి రెండు మిగిలినా బ్రేకుకి వచ్చే నష్టం ఏమీ లేదు, షూ అరిగి వాటిలో ఒదిగిపోతుంది. అద్దంలా మెరవాలని మేస్త్రి చివరి గీత దాకా కోసేశాడంటే, రేపు కోయాల్సిన ఇనుము ఇవాళే పొట్టుగా పోయినట్టు.

డ్రమ్ము వ్యాసం 0.7 పెరిగితే ఒక్కో షూ మీద లైనింగు 0.35 మందం పెరగాలి. మామూలు కొత్త షూలే వేస్తే వాటి వంపు చిన్నది, డ్రమ్ము వంపు పెద్దది. షూ నడుమ మాత్రమే తగులుతుంది, రెండు చివర్లూ గాల్లో ఉంటాయి. అందుకని లైనింగు మందంగా అంటించి, దాన్ని డ్రమ్ముకి సరిపడా కోయించాలి. ఆ సంగతి షూల దగ్గర చెబుతాను.

స్లీవ్ వేయించడం

రింగు లూజైనా, ఇనుము బాగా పల్చబడినా, బయట దొరకని హబ్బు అయినా ఇదే దారి. పాత ఇనుమును పూర్తిగా తీసేసి కొత్త కాస్ట్ ఐరన్ రింగును హబ్బులో వేడిమీద బిగించడం. బాగా చేస్తే హబ్బు ఇంకో తరానికి సరిపోతుంది. సరిగ్గా చేయకపోతే ఘాట్‌లో బ్రేకు వేసినప్పుడు రింగు హబ్బులో తిరిగిపోతుంది. మధ్యరకం ఫలితం ఇందులో ఉండదు.

ఎందుకు తిరిగిపోతుందో లెక్కలో చూస్తే తెలుస్తుంది. వేడెక్కితే అల్యూమినియం కాస్ట్ ఐరన్ కంటే రెండింతలు సాగుతుంది. 160 మి.మీ. వ్యాసం ఉన్న గూడు తీసుకోండి. వాడుకలో హబ్బు వంద డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం గూడు లోపలి రింగు కంటే దాదాపు 0.19 మి.మీ. ఎక్కువ సాగుతుంది. మీరు రింగును 0.1 బిగువుతో (గూడు కంటే అంత పెద్దగా) వేయిస్తే ఆ వేడిలో అది ఊడిపోయినట్టే లెక్క. 0.25 బిగువుతో వేస్తే అంత వేడిలోనూ ఇంకా 0.06 పట్టు మిగులుతుంది. మరి అంత బిగువున్న రింగు గూడులోకి ఎలా దిగుతుంది? హబ్బును 200 డిగ్రీలకు వేడిచేస్తే గూడు 0.6 మి.మీ. పైనే విచ్చుకుంటుంది. అప్పుడు చల్లని రింగు సుత్తి దెబ్బ లేకుండా జారి కూర్చుంటుంది. కొట్టి దింపాల్సి వచ్చిందంటే కొలతైనా తప్పు, వేడైనా చాలలేదు. వేడి ఓవెన్‌లోనే పెట్టాలి, గ్యాస్ మంటతో కాదు. మంట ఒకచోటే కాల్చి హబ్బును మెలి తిప్పుతుంది, అల్యూమినియం గట్టిదనాన్నీ చంపుతుంది. మోటారు వైండింగ్ షాపుల్లో వార్నిష్ ఆరబెట్టే ఓవెన్‌లు ఉంటాయి, అవి 200 డిగ్రీలు చేరతాయేమో అడిగి చూడండి. బేకరీ ఓవెన్ కూడా చాలు గానీ, గ్రీజు కాలిన వాసన రొట్టెకి పట్టిందంటే ఆ వీధిలో మళ్ళీ మీకు బన్ను దొరకదు.

ట్రయల్స్‌కే వాడే బండి డ్రమ్ము అసలు అంత వేడెక్కదు. సెక్షన్లలో (పోటీలో దాటాల్సిన అడ్డంకుల దారులు) నడిచే వేగమే కదా. కానీ అదే బండి మీద అరకు వెళ్ళి అనంతగిరి ఘాట్ దిగుతారనుకుంటే బిగువు లెక్క పైన చెప్పినట్టే చూసుకోండి.

ఇప్పుడు అసలు గొడవ, ఏ ఇనుముతో వేస్తారన్నది. మన ఊళ్ళో షిప్‌యార్డు, పోర్టు పనుల పుణ్యమా అని మందపాటి ఉక్కు పైపు ముక్కలు ప్రతి షాపులోనూ పడి ఉంటాయి. "ఏటి సార్, ఎమ్మెస్ పైపు ముక్కేసి తోలేద్దాం, మీ మనవడి కాలం దాకా ఉంటాది" అంటాడు మేస్త్రి. ఆయన చెప్పినట్టు ఉక్కు విరగదు, నిజమే. కానీ బ్రేకుకి పనికిరాదు. గ్రే కాస్ట్ ఐరన్ లోపల గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. లైనింగుతో నిలకడైన రాపిడి వచ్చేదీ, గీతలు పడకుండా అరిగేదీ దానివల్లే. మెత్తటి ఉక్కు అలా కాదు, లైనింగు దాన్ని చీరేస్తుంది, అది లైనింగును చీరేస్తుంది. ఈ విషయంలో మొహమాటపడొద్దు.

కాస్ట్ ఐరన్ ఎక్కడ దొరుకుతుంది? ఫౌండ్రీలో రింగు పోయించడం ఒకటి. గ్రే కాస్ట్ ఐరన్ గ్రేడు ఎఫ్‌జీ 200 గానీ ఎఫ్‌జీ 260 గానీ అడిగితే వాళ్ళకి అర్థమవుతుంది. ఇంకోటి, నాకు నచ్చినది, పెద్ద డీజిల్ ఇంజిన్ సిలిండర్ లైనర్. చాలావరకు అవి తిప్పుతూ పోసిన పోతలు, లోపల బొబ్బలు తక్కువ. పెద్ద ఇంజిన్ల నుంచి తీసేసిన లైనర్లో మన రింగుకి సరిపడా మందం ఉంటే ఒక ముక్క కోయించుకుంటే చాలు. లోపల క్రోమ్ వేసిన లైనర్, గట్టిపరిచిన లైనర్ వద్దు. టూలు దాని మీద జారితే ఆ ముక్కను పక్కన పెట్టేయమనండి.

రింగు బయటి అంచుకి చిన్న చూరు ఉంచి, ఆ చూరు హబ్బు అంచు మీద ఆనేటట్టు చేయిస్తే రింగు లోపలికి జరగదు. లోపలి వ్యాసం మాత్రం అప్పుడే తేల్చొద్దు. ఒక మిల్లీమీటరు తక్కువగా వదిలేసి, చక్రం కట్టి, బెండు తీసి, పైన చెప్పినట్టు చక్రంలోనే చివరి కోత వేయించాలి. రెండుసార్లు లేత్ కూలి అవుతుంది. స్లీవ్ ఖర్చు లేత్ ఖర్చుకి ఎన్నో రెట్లు అయ్యేది అందుకే.

పోతలోనే రింగు పెట్టి అల్యూమినియం పోసిన హబ్బుల సంగతి కొంచెం వేరు. ఆర్ఎక్స్ 100 లాంటివన్నమాట. ఆ రింగుకి బయట పళ్ళలాంటి గాడులుంటాయి, అల్యూమినియం వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఆ పాత రింగు తీయాలంటే గాడులు దాటేదాకా అల్యూమినియాన్ని కోయాలి. హబ్బు గోడ పల్చబడుతుంది. అంత కష్టం ఆ హబ్బు మీద పెట్టే బదులు ఇంకో హబ్బు కొనడం మేలు.

పాత పోటీ బండి హబ్బు మెగ్నీషియందేమోనని అనుమానం ఉంటే, లేత్ ఎక్కించేముందే మేస్త్రికి చెప్పండి. సన్నని మెగ్నీషియం పొట్టుకి నిప్పు అంటుకుంటుంది, నీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. పక్కన పొడి ఇసుక ఉండాలి.

హబ్బు మార్చడం

బుల్లెట్ వెనక డ్రమ్ముకి ఇదే మొదటి సలహా, రెండో ఆలోచన అక్కర్లేదు. పాత నాలుగు గేర్ల బుల్లెట్లో వెనక డ్రమ్మూ 38 పళ్ళ స్ప్రాకెట్టూ ఒకే కాస్ట్ ఐరన్ ముక్క. పళ్ళు అరిగేసరికి డ్రమ్ము కూడా అరిగే ఉంటుంది. దానికి స్లీవ్ ఏమిటి, కొత్తది తెచ్చి వేయండి. స్పోకులు దానికి తగలవు కాబట్టి చక్రం గొడవ కూడా లేదు.

మిగతా హబ్బులు మార్చాలంటే నాలుగైదు విషయాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. బుల్లెట్ రిమ్ముకి 40 రంధ్రాలు, ఆర్ఎక్స్ హబ్బుకి 36. స్పోకు పొడవు మారుతుంది, ఇరుసు సైజు మారుతుంది, బ్యాక్ ప్లేటును ఫోర్కుకి ఆపే పట్టీ కొత్తది చేయించాలి. పాత ఇనుము కొట్లో దొరికిన హబ్బు అయితే బేరింగు గూడు వదులైందా, స్పోకు రంధ్రాలు సాగాయా చూడాలి. కొత్త డూప్లికేట్ హబ్బు అయితే దాని మీదా నమ్మకం పెట్టుకోవద్దు. చక్రం కట్టాక కొలవండి, చాలాసార్లు దానికీ ఒక కోత పడుతుంది.

మార్పిడిలో ఎక్కువమంది చూసుకోనిది ఒకటుంది. రోడ్డు మీద బాగా పడుతుందని బుల్లెట్ 7 అంగుళాల రెండు లీడింగ్ షూల ముందు బ్రేకును ట్రయల్స్ బండికి వేయాలని చూస్తారు. చక్రం ముందుకి తిరుగుతున్నప్పుడు ఆ రెండు షూలూ డ్రమ్ము లాగుడుకి తమంతట తామే డ్రమ్ముకి ఇంకా బిగుసుకుంటాయి (అలాంటి షూనే లీడింగ్ అంటారు), అందుకే అంత పట్టు. చక్రం వెనక్కి తిరిగితే రెండూ ట్రెయిలింగ్, అంటే వదులు షూలైపోతాయి. సింహాచలం కొండ లాంటి ఎత్తుమీద ముక్కు పైకి పెట్టి బండి ఆపి చూడండి, ముందు బ్రేకు ఎంత నొక్కినా బండి వెనక్కి జారుతుంది. ఎక్కుడు సెక్షన్ మధ్యలో ఆగి సర్దుకోవాల్సిన బండికి అది పనికిరాదు. ఒక లీడింగ్, ఒక ట్రెయిలింగ్ ఉన్న మామూలు బ్రేకు ముందుకైనా వెనక్కైనా ఒకేలా పడుతుంది. పాత ట్రయల్స్ బళ్ళకి చిన్న సింగిల్ లీడింగ్ డ్రమ్ములే వేశారు. పైగా 7 అంగుళాల హబ్బు బరువు వేరే.

బయటి దేశం నుంచి షెర్పా, కోటా హబ్బు తెప్పించుకోవచ్చు. రవాణా, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే ఇక్కడ స్లీవ్ వేయించడమే చవక. పగిలిన హబ్బుకి తప్ప ఆ దారి తొక్కను.

వెల్డింగుతో గీతలు పూడ్చి మళ్ళీ కోద్దామనే సలహా, మెటల్ స్ప్రే కొట్టిద్దామనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. కాస్ట్ ఐరన్ మీద వెల్డు పడిన చోట గాజులాంటి గట్టి మచ్చలు తేలతాయి, పక్కనే పగుళ్ళు మొదలవుతాయి. స్ప్రే పొర షాఫ్టుకి సరే, వేడెక్కి చల్లారే డ్రమ్ము లోపల ఎప్పుడు పెచ్చు లేస్తుందో చెప్పలేం. రెండూ వద్దు.

షూలు, అదే పనిలో భాగంగా

డ్రమ్ము పని అయిపోయిందనుకుని రెడీమేడ్ షూలు వేసుకుంటే పెట్టిన డబ్బులో సగమే దక్కుతుంది. పాత షూల అల్యూమినియం బాగుంటే వాటికే మందం లైనింగు అంటించండి. ఆటోనగర్ లైనింగు షాపుల్లో లారీలకు వేసే గట్టి రకమే చేతిలో ఉంటుంది, అదే కోసి అంటించేస్తారు. అది వేడెక్కితేనే పడుతుంది. ట్రయల్స్ బండి బ్రేకు చల్లగానే, తరచుగా తడిగా ఉండగానే పట్టాలి. టూ వీలర్‌కి వాడే మెత్తటి రకం అడగండి. జిగురు రాసి క్లాంపు వేసి ఓవెన్‌లో కాల్చి అంటించారా, ఊరికే జిగురుతో వదిలేశారా అన్నది కూడా అడగాలి.

తరవాత షూలను బ్యాక్ ప్లేటు మీద స్ప్రింగులతో సహా బిగించి, క్యామ్ దగ్గర పల్చటి రేకు పెట్టి కొంచెం తెరిచి, ఆ మొత్తాన్ని లేత్ ఎక్కించి డ్రమ్ము వ్యాసం కంటే అర మిల్లీమీటరు లోపు తక్కువ ఉండేలా కోయించాలి. అప్పుడు షూ ఒళ్ళంతా ఒకేసారి తగులుతుంది. లీడింగ్ చివరను ఫైలుతో ఏటవాలుగా రుద్దండి, లేకపోతే అక్కడ పట్టేసి కీచుమంటుంది. బండికి ఎక్కించాక లీవరు నొక్కి చూడండి. బ్రేకు పట్టే సమయానికి క్యామ్ కర్రకీ కేబులుకీ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉండాలి. దాటిపోతే నొక్కే కొద్దీ బలం తగ్గుతుంది, ఇంకా అరిగితే క్యామ్ తిరగబడి బ్రేకు బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

ఏ బండికి ఏది

ఆర్ఎక్స్, టీవై లాంటి వాటికి హద్దు దాకా లేత్, హద్దు దాటాక వేరే హబ్బు. టీవై హబ్బు దొరక్కపోతేనే, గోడ మందం చాలుతుందంటేనే స్లీవ్. బుల్లెట్ వెనక డ్రమ్ముకి ఎప్పుడూ కొత్తదే. బుల్లెట్ ముందు హబ్బు, యెజ్డీ హబ్బులు మొదటిసారి లేత్‌కి తట్టుకుంటాయి. రింగు లూజైనవాటికి స్లీవ్. యెజ్డీకి ఇంకో మంచి హబ్బు దొరికితే మాత్రం స్లీవ్ కంటే అదే చవకగా తేలుతుంది. షెర్పా, కోటా, గ్రీవ్స్, ఏరియల్ లాంటివాటి హబ్బులో ఇనుము మందం 3 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే స్లీవ్ దాకా ఆగండి. చివరి ఇనుమును లేత్ పొట్టుగా పోనివ్వద్దు.

గీతలు గోటికి తగలనంత సన్నవై, మూడు కొలతల మధ్య తేడా 0.1 లోపే ఉంటే ఏ షాపుకీ వెళ్ళొద్దు. ఎమరీతో మెరుపు తీసి, షూలు డ్రమ్ముకి సరిపడా కోయించి వేసుకోండి. అంత మాత్రానికి లేత్ ఎక్కించడం అంటే ఉన్న ఇనుము పారేయడమే.

పని అయ్యాక మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పదేపదే బ్రేకు వేసి, మధ్యలో చల్లారనిచ్చి షూలు కూర్చోనివ్వండి. తరవాత బకెట్టు నీళ్ళు హబ్బు మీద పోసి, బండిని నెట్టుకుంటూ బ్రేకు పట్టి చూడండి. కొత్తగా కట్టిన స్పోకులు మొదటి రెండు మూడు వారాల్లో వదులవుతాయి. వాటిని మళ్ళీ బిగించినప్పుడు డ్రమ్మును కూడా మూడు చోట్ల కొలిచి, అంకెలు రాసి పెట్టుకోండి. స్లీవ్ వేయించిన హబ్బు అయితే రెండు లోహాల మధ్య గీత మీద రంగు పెన్నుతో ఒక అడ్డగీత గీసి ఉంచండి. ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే రింగు కదిలింది, బండి తీయొద్దు.